గడ్డ తీసేసినా మళ్లీ ఎందుకొస్తోంది?

మీ ప్రశ్నలకు జవాబులు: మూత్రాశయ క్యాన్సర్, మూలకణాలు

మూత్రంలో రక్తం పడటం గురించి కిందటి సంచికలో రాసిన జవాబు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో పదేపదే కనబడిన మాట "క్యాన్సర్ మూలకణాలు". కొందరు ఎవరో చెప్పగా విన్నారు, కొందరు ఫోన్‌లో చదివి నిద్ర పోగొట్టుకున్నారు. నేను పేథాలజిస్టుని. సర్జన్ తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, అదేమిటో రాసిచ్చే డాక్టర్ని. ఈ మూలకణాల కథలో ఎంత తేలింది, ఎంత ఇంకా తేలాలి అన్నది తెలియక మనుషులు భయపడటం, ఆ భయాన్ని ఇంకొకరు సొమ్ము చేసుకోవడం చూస్తూ ఊరుకోలేక ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. రాసినవారి పేర్లు, ఊర్లు తీసేశాను.

ప్రశ్న: మా నాన్నగారికి మూత్రాశయంలో గడ్డ వస్తే మూత్రమార్గం నుంచి గొట్టం పంపి గీసి తీసేశారు. మొత్తం వచ్చేసింది, కండరంలోకి పోలేదు అన్నారు. మూడు నెలలకి చూస్తే ఇంకో చోట రెండు చిన్నవి. అవీ తీశారు. ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది. మొదటిసారి సరిగా తియ్యలేదా? లేక మూలకణాలు మిగిలిపోతాయంటున్నారు, అదేనా?

ముందు మీ అనుమానానికి జవాబు. ఈ జబ్బులో గడ్డ తిరిగొచ్చినంత మాత్రాన ఆపరేషన్ సరిగా చెయ్యలేదని అనుకోకండి. కొత్తగా బయటపడే మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడొంతులు లోపలి పొరలోనో, దాని కిందున్న పలచటి పొరలోనో ఆగిపోయి ఉంటాయి. మీ నాన్నగారిదీ ఆ రకమే. వీటివల్ల ప్రాణం మీదికి రావడం తక్కువ, తిరగబెట్టడం ఎక్కువ. ఈఓఆర్‌టీసీ అనే ఐరోపా పరిశోధన సంస్థ ఏడు ట్రయల్స్‌లోని 2,596 మంది వివరాలు కలిపి 2006లో ఒక లెక్క కట్టింది. గడ్డ ఒక్కటే, చిన్నది, మొదటిసారి వచ్చింది అయితే ఐదేళ్లలో తిరగబెట్టే అవకాశం 31 శాతం. చాలా గడ్డలు, పెద్దవి, ఇదివరకే తిరగబెట్టినవి అయితే 78 శాతం. ఎంత మంచి సర్జన్ చేతిలో పడ్డా కొంతమందికి ఇది తప్పదు.

ఎందుకొస్తుందో చెప్పాలంటే ముందు ఆ పొర ఎలా ఉంటుందో చెప్పాలి. మూత్రాశయం గోడని పలచగా కోసి, రంగు వేసి చూస్తే అడుగున ఒకే వరసలో చిన్న కణాలు కనబడతాయి. వాటిని బేసల్ కణాలంటాం. వాటి మీద కొన్ని వరసల మధ్య కణాలు. అన్నిటికన్నా పైన, మూత్రం తగిలే చోట, గొడుగు కణాలు: ఒక్కొక్కటి కిందున్న చాలా కణాల్ని కప్పేంత వెడల్పు, కొన్నిటిలో రెండేసి కేంద్రకాలు కూడా ఉంటాయి. మామూలుగా ఈ పొర చాలా నిదానం, నెలల తరబడి అవే కణాలుంటాయి. అదే ఇన్ఫెక్షన్ వచ్చి పైకణాలు ఊడిపోయాయంటే చూస్తుండగానే కొత్త పొర అల్లుకుంటుంది. అంటే అంతవరకూ కదలకుండా ఉండి, అవసరమొస్తే పొరనంతా మళ్లీ కట్టగల కణాలేవో లోపల ఉన్నాయన్నమాట. అవే మూలకణాలు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ బీచీ బృందం ఎలుకల మూత్రాశయాల్లో వీటి జాడ పట్టింది. అడుగు వరసలో సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్‌ని తయారుచేసే కణాలే మరమ్మతు చేస్తున్నాయని చూపించింది. 2014లో ఎలుకలకి క్యాన్సర్ తెప్పించే రసాయనం తాగించి చూస్తే, గోడలోకి చొచ్చుకుపోయే గడ్డలు ఆ కణాల సంతానంలోంచే పుట్టాయి. అదే ఏడాది మరో బృందం, బొడిపెల్లా పైకి పెరిగే గడ్డలు మధ్య కణాల నుంచి పుడుతున్నాయని ఎలుకల్లోనే చూపించింది. కాబట్టి అన్ని గడ్డలకీ ఒకటే పుట్టుక అనుకోనక్కర్లేదు. మీ నాన్నగారి రిపోర్టులో "పేపిలరీ" అని రాసి ఉంటే ఆ బొడిపెల రకమే.

ఇక తిరగబెట్టే దారులు. గీసేటప్పుడు అంచులో కొంచెం మిగిలిపోవడం ఒకటి. గడ్డ నుంచి విడిపోయిన కణాలు మూత్రంలో తేలుతూ ఇంకోచోట అంటుకోవడం రెండోది. పైకి మామూలుగా కనబడుతున్న పొరలోనే మార్పు చెందిన కణాలు ముందే పరుచుకుని ఉండటం మూడోది. రెండోదానికీ మూడోదానికీ గట్టి ఆధారం 1992లోనే దొరికింది, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి కదా. పిండదశలోనే ఒక్కో కణం రెండిట్లో ఏదో ఒకదాని నోరు కట్టేస్తుంది. ఏ కణం దేన్ని కడుతుందన్నది యాదృచ్ఛికం, కానీ ఒకసారి కట్టాక దాని సంతతి అంతా అదే పాటిస్తుంది. మూత్రాశయంలో ఒకటికి మించి గడ్డలున్న నలుగురు స్త్రీల గడ్డలు తీసి చూస్తే, ఒక మనిషిలోని గడ్డలన్నిటిలోనూ ఒకే ఎక్స్ మూతబడి ఉంది. విడివిడిగా వచ్చాయనుకున్నవన్నీ ఒకే కణం సంతానం. మీ నాన్నగారికి "ఇంకో చోట" వచ్చినవి కూడా కొత్త జబ్బు కాకపోవచ్చు, పాతదాని బంధువులే అయ్యుండొచ్చు.

విడిపోయిన ప్రతి కణమూ కొత్త గడ్డ కాలేదు. పొర నుంచి ఊడిన కణం మామూలుగా చచ్చిపోవాలి. చావకుండా తేలి, అంటుకుని, మళ్లీ పెరిగే శక్తి ఉన్నవి కొన్నే. గడ్డలో అలాంటి కణాల్నే క్యాన్సర్ మూలకణాలంటున్నారు, వాటి ప్రస్తావన వచ్చేది ఇక్కడే.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. మొదటి ఆపరేషన్ తాలూకు పేథాలజీ రిపోర్టు తీసి చూడండి. ముక్కలో డెట్రూసర్ కండరం, అంటే మూత్రాశయం గోడలోని కండరం, ఉందా లేదా అన్నది అందులో రాసి ఉంటుంది. కండరమే రాకపోతే "కండరంలోకి పోలేదు" అని ఎవరూ గట్టిగా చెప్పలేరు. అలాంటప్పుడు, గడ్డ హైగ్రేడ్ (కణాలు బాగా చెడిపోయిన, దూకుడుగా పెరిగే రకం) అయినా, టీ1 (లోపలి పొర దాటి దాని కిందున్న పలచటి పొరలోకి దిగినది) అయినా, సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ గీసి చూస్తారు. గీసిన 24 గంటల్లోపు మైటోమైసిన్ లాంటి మందు ఒక్క మోతాదు మూత్రాశయంలోకి ఎక్కిస్తే, తేలుతున్న కణాలు చచ్చి, తక్కువ ప్రమాదం ఉన్నవారిలో తిరగబెట్టడం సుమారు మూడోవంతు తగ్గుతుంది. ఇప్పుడు మాటిమాటికీ వస్తోంది కాబట్టి, బీసీజీ గానీ కీమో మందు గానీ కొంతకాలం వరసగా ఎక్కించాలా అని యూరాలజిస్టుని అడగండి. క్షయ టీకాకి వాడే బీసీజీనే ఇది. కెనడాలో మొరాలెస్ అనే సర్జన్ తొమ్మిది మందికి వారానికోసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కించి చూసి, 1976లో ఫలితం ప్రచురించాడు. ఆ ఆరు వారాల పద్ధతే నేటికీ మొదటి విడత.

ప్రశ్న: క్యాన్సర్‌కి మూలకణం చెట్టుకి వేరు లాంటిదనీ, కొమ్మలు కొడితే లాభం లేదు, వేరు తీస్తే పోతుందనీ చదివాను. నేను సైన్స్ టీచర్ని. పిల్లలకి ఇలాగే చెప్పొచ్చా? నిజంగా రుజువైందా?

మాస్టారూ, సగం చెప్పండి, మిగతా సగం ఇంకోలా చెప్పండి.

రుజువు ఎలా చేస్తారంటే, రోగి నుంచి తీసిన తాజా గడ్డని ఒక్కో కణంగా విడదీస్తారు. కణాల ఒంటి మీద ఏ ప్రోటీన్లు ఉన్నాయో చూసి, వెలుగునిచ్చే యాంటీబాడీలతో గుర్తు పెట్టి, యంత్రంలో రెండు గుంపులుగా వేరు చేస్తారు. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఒక్కో గుంపునీ ఎక్కించి ఏది గడ్డ కడుతుందో చూస్తారు. 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్‌లో ఇలా చూసింది. రొమ్ము క్యాన్సర్‌లో 2003లో చూశారు. మూత్రాశయం వంతు 2009లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ దగ్గర పనిచేస్తున్న కీత్ చాన్, సీడీ44 అనే ప్రోటీన్ ఉన్న కణాలు అది లేనివాటికన్నా 10 నుంచి 200 రెట్లు ఎక్కువగా గడ్డ కడుతున్నాయని చూపించాడు. ఆ కణాల పోలిక మన పొరలోని బేసల్ కణాలదే: సైటోకెరటిన్ 5 ఉంటుంది, గొడుగు కణాల గుర్తయిన సైటోకెరటిన్ 20 ఉండదు.

నన్ను ఆకట్టుకున్నది ఆ రెట్ల లెక్క కన్నా ఎలుకలో పెరిగిన గడ్డ రూపం. సీడీ44 ఉన్న కణాలనే ఎక్కించినా, పుట్టిన గడ్డలో సీడీ44 ఉన్నవీ లేనివీ రెండూ ఉన్నాయి. అడుగు నుంచి పైదాకా రోగి గడ్డలో ఉన్న వరసే మళ్లీ వచ్చింది. అంటే క్యాన్సర్ గడ్డ కూడా, ఎంత చెడిపోయినా, తను పుట్టిన పొర పద్ధతిని పూర్తిగా మరిచిపోలేదు. 2012లో అదే స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఇంకో పరిశోధన, సైటోకెరటిన్ 14 ఉన్న కణాలు అన్నిటికన్నా మొదటి దశవనీ, అవి ఉన్న గడ్డలవారు మిగతావారికన్నా తక్కువ కాలం బతుకుతున్నారనీ చూపింది.

ఇక రెండో సగం. ఎలుక మనిషి కాదు. 2008లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద చేసిన పరీక్షలో, ఇంకా బలహీనమైన ఎలుకల్ని వాడి, పద్ధతి కాస్త మార్చేసరికి, సుమారు నాలుగు కణాల్లో ఒకటి గడ్డ కట్టింది. అరుదు అనుకున్నవి అరుదు కాకుండా పోయాయి. కాబట్టి "మూలకణాలు ఇన్ని శాతం" అన్న అంకె ఎక్కడ చదివినా, అది ఏ ఎలుకలో కొలిచిన అంకె అని అడగాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం. మూలకణం కాని క్యాన్సర్ కణం, చుట్టూ పరిస్థితి మారితే, మూలకణం గుణాలు తెచ్చుకోగలదు. అందుకే చెట్టు పోలిక నాకు నచ్చదు. చెట్టుకి వేరు వేరే, కొమ్మ వేరే. గరిక అలా కాదు, నేలకి తగిలిన ప్రతి కణుపూ వేరు తొడుగుతుంది. పిల్లలకి గరిక చూపించి చెప్పండి. మూలకణం అనేది కణానికి పుట్టుకతో వచ్చిన జాతి కాదు, అది అప్పటికి చేస్తున్న పని అనుకోవచ్చు. ఆ పనిలో ఉన్నవాటిని చంపేసినా, ఆ ఖాళీలోకి ఇంకొకటి రావచ్చు.

ప్రశ్న: నా బయాప్సీ రిపోర్టులో "సీడీ44 పాజిటివ్, పూర్తి మందం" అని ఉంది. నెట్‌లో వెతికితే సీడీ44 అంటే క్యాన్సర్ మూలకణాల గుర్తు అని ఉంది. వారం నుంచి అన్నం సయించడం లేదు. డాక్టర్‌ని కలవడానికి ఇంకా పది రోజులుంది.

మీరు పంపిన రిపోర్టు కాపీ పూర్తిగా చదివాను. ఈ పేజీలో మొట్టమొదట రాయాలనుకున్నది మీ జవాబే.

మీ రిపోర్టులో ఆ వాక్యం పక్కనే ఇంకో రెండు ఉన్నాయి: సీకే20 (పైన చెప్పిన సైటోకెరటిన్ 20) పైవరసలో మాత్రమే, పీ53 (కణ విభజనని అదుపులో ఉంచే ప్రోటీన్) మామూలు తీరు. ఈ మూడూ కలిపి చదవాలి. మామూలు పొరలో సీడీ44 రంగు అడుగు కణాలకి మాత్రమే పడుతుంది, గోధుమ రంగు గీత గీసినట్టు. పొరకి వాపో, దెబ్బో, రాయి రాపిడో తగిలితే మరమ్మతు మొదలై ఆ గోధుమ రంగు కింది నుంచి పైదాకా పాకుతుంది. "పూర్తి మందం" అంటే అదే. పైకి పెరగకుండా పొరలోనే పరుచుకునే కార్సినోమా ఇన్ సైటు అనే ప్రమాదకరమైన క్యాన్సర్‌లో ఇది తలకిందులవుతుంది: సీడీ44 మాయమవుతుంది, సీకే20 కింది నుంచి పైదాకా వెలుగుతుంది, పీ53 ముదురుగా పడుతుంది. మైక్రోస్కోపు కింద కణాలు కాస్త గజిబిజిగా కనబడి, ఇది క్యాన్సరా, వాపు వల్ల వచ్చిన మార్పా అని అనుమానం వచ్చినప్పుడే మేం ఈ మూడు రంగులూ వేయిస్తాం. మీ ముక్క చూసి రిపోర్టు రాసిన డాక్టరు చివర "వాపు వల్ల వచ్చిన మార్పులు" అనే రాశారు. మీ విషయంలో సీడీ44 పాజిటివ్ అన్నది భయపెట్టే మాట కాదు, ఊరటనిచ్చే మాట.

నిజమే, పరిశోధనశాలలో సీడీ44 మూలకణాల్ని ఏరడానికి వాడతారు. కానీ ఆ ప్రోటీన్ ఆరోగ్యకరమైన బేసల్ కణాల మీదా, రక్తకణాల మీదా, చర్మం మీదా ఉంటుంది. రిపోర్టులో మేం దాన్ని మూలకణాల లెక్క కోసం వాడం. అలా లెక్కపెట్టి మందు ఇచ్చే పద్ధతి నేటికీ ఎక్కడా చికిత్సలోకి రాలేదు. పది రోజుల తర్వాత డాక్టర్ని తప్పకుండా కలవండి, ఆ వాపు ఎందుకొచ్చిందో తేలాలి. ఈలోగా అన్నం మాత్రం తినండి.

ప్రశ్న: మా అన్నయ్యకి మూత్రాశయం కండరంలోకి పాకిన క్యాన్సర్. ఆపరేషన్‌కి ముందు కీమో ఇచ్చారు. మొదటి రెండు విడతలకి బాగా తగ్గింది, తర్వాత పెరిగింది. మధ్య విరామంలో మూలకణాలు లేచి గడ్డని మళ్లీ కడతాయనీ, నొప్పి మాత్ర సెలెకాక్సిబ్ వేస్తే ఆగుతాయనీ ఒక వ్యాసంలో ఉంది. మేమే వేసేయొచ్చా?

వెయ్యకండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ వ్యాసంలో ఉన్నది అబద్ధం కాదు.

2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన అది. పైన చెప్పిన కీత్ చాన్, అప్పటికి హ్యూస్టన్‌లో సొంత బృందం పెట్టుకుని చేసినది. మనిషి గడ్డలు పెంచిన ఎలుకలకి జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ విడతలుగా ఇచ్చారు, మనుషులకిచ్చే జంటే. మందు పడ్డాక కణాలు చస్తాయి. చచ్చే కణాలు పోతూపోతూ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం వదులుతాయి. గాయమైన చోట మరమ్మతుకి కణాల్ని లేపే సంకేతం అదే. విడతకీ విడతకీ మధ్య ఖాళీలో, సైటోకెరటిన్ 14 ఉన్న మూలకణాలు ఆ సంకేతం విని, గాయం మాన్పుతున్నట్టే విభజన మొదలుపెట్టి గడ్డని మళ్లీ నింపాయి. విడతలు పెరిగేకొద్దీ మందు పట్టు తగ్గింది. ఆ పదార్థం తయారీని ఆపే సెలెకాక్సిబ్‌ని కీమోతో కలిపి ఇస్తే ఎలుకల్లో ఈ నింపుడు తగ్గింది. చదివినప్పుడు నాకూ ఎంతో ఆశ కలిగింది. శరీరం తనని తాను బాగుచేసుకునే పద్ధతినే క్యాన్సర్ వాడుకుంటోందని కళ్లకి కట్టినట్టు చూపించిన పని అది.

కానీ ఎలుకలో పనిచేసింది మనిషిలో చేస్తుందో లేదో ట్రయల్ చేసి చూడాలి. బ్రిటన్‌లో బాక్సిట్ అనే ట్రయల్‌లో, కండరంలోకి పోని మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారికి మామూలు చికిత్సతో పాటు రెండేళ్లు సెలెకాక్సిబ్ గానీ, ఉత్త మాత్ర గానీ ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది: మొత్తం మీద తిరగబెట్టడంలో తేడా లేదు. గుండెకి సంబంధించిన తీవ్రమైన ఇబ్బందులు మాత్రం సెలెకాక్సిబ్ వాడినవారిలో ఎక్కువ. మీ అన్నయ్య జబ్బు దశ వేరు కాబట్టి ఆ ట్రయల్ మీ ప్రశ్నకి నేరుగా జవాబు కాదు. అయినా ఆ మాత్ర ఊరికే వేసుకునేది కాదని చెప్పడానికి చాలు. పైగా సిస్‌ప్లాటిన్ కిడ్నీ మీద భారం వేసే మందు, నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. రెండూ కలిసి కిడ్నీ దెబ్బతింటే మీ అన్నయ్యకి ఉన్న దారులే మూసుకుపోతాయి.

కీమో మధ్యలో గడ్డ పెరుగుతోందని స్కాన్‌లో తేలితే మిగతా విడతల కోసం ఆగకుండా ఆపరేషన్‌కి వెళ్లాలా అని వెంటనే అడగండి. ఈ ప్రశ్నకి గడువు ఉంది, నెలలు పట్టించొద్దు. జబ్బు ఒంట్లో వేరే చోటికి పాకిందని తేలితే ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందుల జంట ఉంది. 2023లో బయటికొచ్చిన ట్రయల్‌లో, పాకిన జబ్బుకి మొదటి చికిత్సగా ఆ జంట తీసుకున్నవారిలో సగం మంది 31.5 నెలలకి పైగా బతికారు, పాత కీమో తీసుకున్నవారిలో సగం మంది 16.1 నెలలకి పైగా. ఇది మూలకణాల మీద గురిపెట్టిన చికిత్స కాదు. అయినా ఈ జబ్బులో నేను చూసిన అతిపెద్ద ముందడుగు ఇదే.

ప్రశ్న: అలాంటప్పుడు నేరుగా ఆ మూలకణాల్నే చంపే మందు ఎందుకు తయారు చెయ్యరు?

చేశారు. సీడీ44లో ఒక రకం మీద గురిపెట్టి, విషం మోసే యాంటీబాడీని తల, మెడ క్యాన్సర్లలో ప్రయత్నించారు. అదే ప్రోటీన్ చర్మం అడుగు కణాల మీదా ఉంది. చర్మం ఊడిపోయి ఒక రోగి చనిపోవడంతో ఆపేశారు. 2009 నాటి పరిశోధనలోనే, మూత్రాశయ మూలకణాల మీద సీడీ47 అనే "నన్ను తినొద్దు" గుర్తు ఎక్కువుందనీ, దాన్ని కప్పేస్తే మన రక్షక కణాలు వాటిని మింగుతున్నాయనీ తేలింది. ఆ గుర్తు ఎర్రరక్తకణాల మీదా ఉంటుంది, అందుకే మందు ఇచ్చినప్పుడు రక్తం తగ్గుతుంది. రక్త క్యాన్సర్లలో మాగ్రోలిమాబ్ అనే ఆ తరహా మందు పెద్ద ట్రయల్స్‌ని లాభం కనబడక 2023, 2024లో ఆపేశారు. మూలకణాన్ని వెతికి పట్టుకోవడం కన్నా, పక్కనున్న మంచి మూలకణాన్ని వదిలిపెట్టడమే కష్టంగా ఉంది.

ప్రశ్న: మా అమ్మకి కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టంలో గడ్డ వస్తే, కిడ్నీతో సహా గొట్టం మొత్తం తీసేశారు. జబ్బున్న భాగమే పోయాక మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూడటం ఎందుకు? ఇది మాకూ వస్తుందా?

కిడ్నీ లోపలి తొట్టి, గొట్టం, మూత్రాశయం, వీటన్నిటికీ లోపల ఒకటే పొర. ఈ పొర క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం పైభాగంలో వస్తాయి. ప్రవాహం పైనుంచి కిందికి కాబట్టి, పైన విడిపోయిన కణాలు కింద మూత్రాశయంలో చేరతాయి. పైభాగం తీసేసిన తర్వాత మూత్రాశయంలో గడ్డ రావడం వేర్వేరు పరిశోధనల్లో 22 నుంచి 47 శాతం దాకా కనబడింది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. ఆపరేషన్‌కి ముందు గొట్టంలోకి కెమెరా పంపి చూసినవారిలో ఇది ఇంకాస్త ఎక్కువ. కదిలిస్తే కణాలు రాలతాయన్నదానికి అదొక సాక్ష్యం. అందుకే ఆపరేషన్ తర్వాత ఒక మోతాదు మైటోమైసిన్ మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 2011లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో దానివల్ల మూత్రాశయంలో గడ్డలు తగ్గాయి. మీ అమ్మగారికి ఇచ్చారో లేదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది.

మీకు వస్తుందా అన్నది మంచి ప్రశ్న. పైభాగపు గడ్డల్లో కొన్ని లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపంతో వస్తాయి. పేగు, గర్భాశయ క్యాన్సర్లు కూడా ఆ కుటుంబాల్లో ఎక్కువ. అమ్మగారికి 60 ఏళ్లలోపు వచ్చినా, దగ్గరి బంధువుల్లో ఆ క్యాన్సర్లు ఉన్నా, తీసిన గడ్డ మీదనే డీఎన్ఏ తప్పులు దిద్దే ప్రోటీన్లు ఉన్నాయో లేదో రంగు వేసి చూడొచ్చు. గడ్డని మైనంలో పెట్టి దాచి ఉంచుతాం కాబట్టి ఇప్పుడు అడిగినా చేస్తారు. ఇంకొకటి: మూలికల మందులు వాడారేమో గుర్తుచేసుకోండి. అరిస్టలోకియా జాతి మొక్కల్లోని ఆమ్లం కిడ్నీనీ, ఈ పొరనీ రెంటినీ పాడుచేస్తుంది. బెల్జియంలో బరువు తగ్గడానికని ఆ మూలిక కలిసిన మందు వాడిన స్త్రీలకి మొదట కిడ్నీలు పోయాయి, తర్వాత ఇవే క్యాన్సర్లు వచ్చాయి.

ప్రశ్న: మూలకణ చికిత్స చేయించుకుంటే మంచి మూలకణాలు వచ్చి చెడ్డవాటిని తోసేస్తాయని ఒక ప్రకటన చూశాం. నిజమేనా?

కాదు. రక్త క్యాన్సర్లలో ఎముక మూలుగ మార్పిడి నిజమైన చికిత్స. మూత్రాశయ గడ్డకి మూలకణాలు ఎక్కించి తగ్గించిన రుజువు ఎక్కడా లేదు. పెరగడమే పనిగా ఉన్న కణాల్ని క్యాన్సర్ ఉన్న ఒంట్లోకి రుజువు లేకుండా ఎక్కించడం ప్రమాదం. ఆ డబ్బూ, అంతకన్నా విలువైన ఆ సమయమూ అక్కడ పెట్టకండి.

ప్రశ్న: నలభై ఏళ్లుగా సిగరెట్ కాలుస్తున్నాను. గడ్డ వచ్చేసింది కదా, ఇప్పుడు మానేసి ఏం లాభం?

ఉంది. మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగే కారణం. పొగలోని అరోమాటిక్ అమైన్లు రక్తంలో కలిసి, కిడ్నీలో వడకట్టబడి, మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటాయి. ఈ రసాయనాల వ్యవహారాన్ని మొదట పట్టుకున్నది 1895లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్. రంగుల కార్మికుల మూత్రాశయాల్లో గడ్డలు చూసి చెప్పాడు. మీ పొరలో గడ్డ కట్టని చోట కూడా మార్పు చెందిన కణాలు ఉండే ఉంటాయి. కాలుస్తున్నంత కాలం వాటి డీఎన్ఏకి రోజూ కొత్త దెబ్బలు తగులుతూనే ఉంటాయి. కొనసాగించేవారిలో తిరగబెట్టడం ఎక్కువని చాలా పరిశోధనల్లో కనబడింది. ఈ రోజే మానండి. ఒంటరిగా కాకపోతే మందుల సాయంతో మానండి.

ప్రశ్న: మా మామగారు సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష) ఇక చేయించుకోనంటున్నారు. మూత్రం పరీక్షతో సరిపెట్టుకోవచ్చా?

ఆయన గడ్డ గ్రేడ్ మీద ఆధారపడి ఉంటుందమ్మా. మూత్రంలో రాలిన కణాల్ని చూసే సైటాలజీ నేనే చదువుతాను కాబట్టి దాని బలం, బలహీనత రెండూ తెలుసు. హైగ్రేడ్ గడ్డల్ని అది 100లో 84 దాకా పట్టగలదు, లోగ్రేడ్‌వి 16 మాత్రమే. లోగ్రేడ్ కణాలు చూడటానికి మామూలు కణాల్లాగే ఉంటాయి, మూత్రంలోకి రాలడమూ తక్కువ. అంటే లోగ్రేడ్ గడ్డ ఉండి కూడా "మామూలే" అని రిపోర్టు రావచ్చు. హైగ్రేడ్ అయితే ఉన్నదాన్ని వదిలేస్తే కండరంలోకి పోయే ప్రమాదం ఎక్కువ, అక్కడ కెమెరా మానే ప్రశ్నే లేదు.

ఆయన ఎందుకు వద్దంటున్నారో ముందు అడగండి. గట్టి గొట్టంతో చేస్తే మగవాళ్లకి బాధగా ఉంటుంది. వంగే సన్న గొట్టంతో, మత్తు జెల్ వేసి, తెర మీద ఆయనకే చూపిస్తూ చేస్తారా అని కనుక్కోండి. ఎప్పటిదాకా చేయించుకోవాలో చెప్పకపోవడం వల్ల కూడా చాలామంది విసిగిపోతారు. తక్కువ ప్రమాదం ఉన్న రకమై, మూడో నెల పరీక్షలో ఏమీ లేకపోతే, తర్వాతది ఆపరేషన్ అయి ఏడాది నిండేసరికి, ఆపైన ఏడాదికోసారి ఐదేళ్ల వరకు చాలు. ఎక్కువ ప్రమాదం ఉన్న రకమైతే రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదో ఏడు దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. ఆయన ఏ రకమో డాక్టర్ని అడిగి, తేదీలు కాగితం మీద రాయించి ఆయన చేతికివ్వండి. ఆ తేదీకి ముందే మూత్రంలో రక్తం కనబడితే మాత్రం తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.